లెక్కకు రాని ఇళ్ళు

తుంగభద్ర ఎడమ ఒడ్డున, కర్నూలుకు దిగువన, కృష్ణలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న చిన్న ఊరు అలంపురం. ఆ ఊరి పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది జోగులాంబ, ఆ తర్వాత నవబ్రహ్మ ఆలయాలు. ఏడో శతాబ్దంలోనూ ఎనిమిదో శతాబ్దంలోనూ బాదామి చాళుక్యులు కట్టించిన ఆ గుళ్ళలో తారకబ్రహ్మ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఉత్తరాది పద్ధతి శిఖరాలతో నిలిచి ఉన్నాయి. స్వర్గబ్రహ్మ ఆలయం మీద వినయాదిత్యుని కాలపు శాసనం ఉంది. బాలబ్రహ్మలో నేటికీ పూజ ఆగలేదు. వీటి మీద పరిశోధనలు జరిగాయి, పుస్తకాలు వచ్చాయి, మ్యూజియం వెలిసింది. అదే ఊళ్ళో, అవే గుళ్ళ నీడలో తరతరాలుగా జనం కాపురమున్న ఇళ్ళ సంగతి ఏమిటని అడిగితే మాత్రం చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. నదీతీరపు ఊరు అంటే గుళ్ళూ ఇళ్ళూ కలిసి ఏర్పడినది. మన చట్టాలు, ప్రాజెక్టులు, పథకాలు మాత్రం ఇందులో సగాన్నే చరిత్రగా గుర్తించాయి. రెండో సగం మన కళ్ళముందే పోతోంది. అది పాతబడి తనంతట తాను పోవడం లేదు. దాన్ని పోనివ్వడమే మన విధానాల్లో భాగమైపోయింది. ఈ వ్యాసం వాదించేది ఆ మాటే.

ముందుగా జరిగిన మంచి చెప్పుకోవాలి. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 885 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిపితే కృష్ణా, తుంగభద్రల తీరాల్లోని ఎన్నో గుళ్ళు మునిగిపోతాయని ముందే తెలుసు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు శాఖ చేసిన పని చిన్నది కాదు. కూడవెల్లి దగ్గర నదీ సంగమంలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి అలంపురం చేర్చి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశనం దగ్గర మెట్లు మెట్లుగా పైకప్పులున్న ఇరవైకి పైగా చిన్న గుళ్ళను కూడా ముంపు అందని చోటికి తరలించారు. అవతలి ఒడ్డు నుంచి రూపాల సంగమేశ్వరం కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీదికి చేరింది. ఇలాంటి తరలింపులో ప్రతి రాయికీ అంకె వేస్తారు. ఏ వరసలో ఏది, దేని మీద ఏది అన్నది కాగితం మీద గీస్తారు. విప్పిన క్రమానికి తలకిందులుగా మళ్ళీ పేరుస్తారు. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో జరిగిన తవ్వకాలు, ఆ తర్వాత కట్టడాలను కొండమీదికి చేర్చిన అనుభవం తెలుగువాళ్ళకు అప్పటికే ఉంది. ఇక నవబ్రహ్మ ఆలయాలను కదిలించకుండానే, వెనకనీళ్ళు తాకకుండా అలంపురానికి నది వైపు పెద్ద రక్షణ గోడ కట్టారు. ఆ గోడ గుళ్ళ కోసమే లేచినా దాని వెనక ఊరు కూడా బతికింది. అలంపురం ఇవాళ నేల మీద ఉందంటే అది దేవుళ్ళ పుణ్యమేనని ఆ ఊరివాళ్ళు అంటే అక్షరాలా నిజం.

గోడ అందని ఊళ్ళ కథ వేరు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు పోయాయి. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు. 1981 వేసవి చివర, నీళ్ళు రాకముందే ప్రభుత్వ యంత్రాంగం దిగి ఇళ్ళను కూలగొట్టించింది. ఆ కూల్చివేత మీద అప్పట్లోనే పౌరసంఘాలు గొంతెత్తాయి. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని అమలు కోసం బాధితులు దశాబ్దాల తరబడి తిరిగారు. మనిషికి జరిగిన అన్యాయం ముందు ఇంటి నమూనా పోయిందని బాధపడటం చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఆ రెండూ వేరు వేరు కావు. భూసేకరణలో ఇంటిని కూడా కొలుస్తారు. గోడ పొడవెంత, కప్పు ఏ రకం, తలుపులెన్ని అని రాసుకుని ధర కడతారు. అంటే ఆ ఊళ్ళ ఇళ్ళ గురించి ప్రభుత్వం దగ్గర మిగిలిన రాత అంతా ధర కట్టడానికి రాసిందే. గుడికి పటం గీసిన చెయ్యి పక్క వీధిలో ఇంటికీ ఒక పటం గీసి ఉంటే ఖర్చు ఎంతో పెరిగేది కాదు. ఒక్కో ఊళ్ళో రెండు మూడు ఇళ్ళనైనా పూర్తిగా కొలిచి, ఫోటోలు తీసి, కట్టిన మేస్త్రీల మాటలు రాసి పెట్టుకుని ఉంటే, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలోనూ అవతలి ఒడ్డునా జనం ఎలా బతికారో చెప్పే ఆధారం ఈనాడు చేతిలో ఉండేది. ఇది గడిచిపోయిన కథ కూడా కాదు. గోదావరి మీద పోలవరం ముంపు ఊళ్ళు ఇప్పుడు ఇదే దారిలో ఖాళీ అవుతున్నాయి.

పోయినదేమిటో తెలియాలంటే ఈ ప్రాంతపు మట్టిమిద్దెను కాస్త దగ్గరగా చూడాలి. గోడలు రాతివి. రాయికీ రాయికీ మధ్య సున్నం బదులు బంకమట్టి అడుసు ఉంటుంది. మందం రెండు మూడు అడుగులకు తక్కువ ఉండదు. గోడల మీదా కొయ్య కంబాల మీదా దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్న కట్టెలో పలకబండలో పరుస్తారు. దాని మీద ఆకో గడ్డో వేసి, మెత్తని మట్టి పోసి దిమ్మిస కొడతారు. అన్నిటికంటే పైన చౌడు. చౌడుమట్టి తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే వానలకు ముందు ఏటా మిద్దె మీద కొత్త చౌడు చల్లి, తొక్కి, వాలు సరిచేసి, నీళ్ళు దోణి గుండా వీధిలోకి పడేలా చూసేవారు. లోపలికి వెలుగు, పొయ్యి పొగకు దారి మిద్దెలో వదిలిన గవాచి. వాన వస్తే దాని మీద బండ కప్పుతారు. పడసాలలో ఒకవైపు గాటిపాడు. పశువులు ఇంట్లోనే ఇంటి మనుషుల కళ్ళముందే ఉండేవి. లోపల నట్టిల్లు. వడ్లు, జొన్నలు దాచడానికి నేలలో పాతర. బయట అరుగు. ఎండాకాలం పగలంతా ఈ గోడలు వేడిని లోపలికి రానివ్వవు. రాత్రి పడక మిద్దె మీద. ఎండుమిరప, వేరుశనగ ఆరబోసేది కూడా అక్కడే. కోస్తాలో గోదావరి తీరపు మండువా లోగిలి నడిమధ్య వాననీళ్ళను దించుకుంటుంది. ఇక్కడి మిద్దె వాననీళ్ళను వీధిలోకి నెట్టేస్తుంది. వానెక్కువ నేలకు ఒక ఇల్లు, ఎండెక్కువ నేలకు ఒక ఇల్లు. వీటిని కట్టినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. అయినా చాళుక్యుల స్థపతికి రాతి గుణం తెలిసినంత బాగా వీళ్ళకు చౌడు గుణం తెలుసు.

ఇలాంటి ఇంటికి చట్టంలో చోటెక్కడ? ప్రాచీన కట్టడాలకు సంబంధించిన 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్ళకు తక్కువ కాకుండా నిలిచి ఉండి, చారిత్రకంగానో కళాపరంగానో విశేషమైన కట్టడాన్ని గుర్తిస్తుంది. ఆ మాటల్లో ఇల్లు పట్టదని ఎక్కడా లేదు. అమలులోకి వచ్చేసరికి పట్టింది గుడి, మసీదు, కోట, సమాధి, రాజమందిరం. సాదా మనిషి ఇల్లు ఆ జాబితాకెక్కడం అరుదు. పైగా 2010 సవరణ తర్వాత రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. ఉన్నదాన్ని మరమ్మతు చేసుకోవాలన్నా అధికారి అనుమతి కావాలి. అలంపురం వంటి చిన్న ఊళ్ళో, గుళ్ళు ఊరి నడుమనే ఉన్నచోట, మూడు వందల మీటర్లంటే పాత ఊరిలో చాలా భాగం వచ్చేస్తుంది. గుడికి ఆ రక్షణ అవసరమే. దాని చుట్టూ నాలుగంతస్తుల లాడ్జీలు లేస్తే గుడి దెబ్బతింటుంది, కనిపించకుండా కూడా పోతుంది. చిక్కంతా అక్కడున్న ఇంటిని చట్టం ఏ దృష్టితో చూస్తుందన్న దగ్గరే ఉంది. దాని దృష్టిలో ఆ ఇల్లు గుడికి రాగల ముప్పు. అదీ ఆ ఊరి చరిత్రలో భాగమేనన్న ఎరుక ఆ నిబంధనల్లో కనిపించదు. ఇంటాయన చేతిలో ఆంక్ష ఉంది, ఆదరువు లేదు. దూలం పుచ్చితే కాగితాలు పట్టుకుని తిరగలేక వదిలేస్తాడు, లేదా చెప్పకుండా రాత్రికి రాత్రి స్లాబు వేస్తాడు. రెండిట్లో ఏది జరిగినా పాత ఇల్లు పోయినట్టే.

ఆంక్ష లేని వీధుల్లో గృహనిర్మాణ పథకాలు ఆ పని పూర్తి చేస్తున్నాయి. గ్రామీణ ఆవాస్ యోజనలో మట్టిగోడలు, మట్టికప్పు ఉంటే ఆ ఇల్లు కచ్చా లెక్కలోకి వస్తుంది. దాని బదులు పక్కా ఇల్లు కట్టుకోవడానికి మైదాన ప్రాంతాల్లో లక్షా ఇరవై వేలు ఇస్తారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత స్థలమున్నవాళ్ళకు ఐదు లక్షలు ఇస్తోంది. తలదాచుకోవడానికి చోటు లేనివాళ్ళకు, ఒక గాలివానకే కూలే గుడిసెలో ఉన్నవాళ్ళకు ఇది ప్రాణం నిలిపే సాయం. దీని మీద రెండో మాటకు తావు లేదు. కానీ గట్టి రాతిగోడలుండి కప్పు మాత్రం జారిన మిద్దె, గాలివానకు వణికే పూరిగుడిసె రెండూ ఒకే గడిలో పడే వీలుంది. కొత్తది కడితే లక్షలు, ఉన్నదాన్ని నిలుపుకుంటే ఏమీ లేదు అన్నప్పుడు ఇంటాయన ఏం చేస్తాడో అందరికీ తెలుసు. మరమ్మతుకు అందులో నాలుగో వంతు ఇచ్చినా నిలిచే ఇళ్ళు చాలానే ఉంటాయి.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో మొదటిది పండితుల నుంచి వస్తుంది. మిద్దె ఏటా కొత్త చౌడు వేసుకుంటుంది, పదేళ్ళకోసారి దంతె మారుస్తుంది, గోడకు ఎర్రమట్టి పూత ఎప్పటికప్పుడు కొత్తదే, అలాంటప్పుడు ప్రాచీనం అనడానికి అందులో మిగిలిందేమిటని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు అలంపురంలోనే ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం రెండు నదులు కలిసే చోట కట్టిన గుడి. ఆ స్థలం కోసమే దానికి ఆ పేరు. ఇప్పుడది సంగమంలో లేదు. పునాది కొత్తది, నేల కొత్తది, అతుకులు కొత్తవి. అయినా దాన్ని ప్రాచీన కట్టడమనే అంటాం, అనడం సబబే కూడా. ఎందుకంటే రాళ్ళ అమరికలో ఉన్న తెలివి, రూపం చెక్కుచెదరలేదు. మరి కదలకుండా అదే స్థలంలో, అదే కొలతలతో, అదే పద్ధతిలో నిలిచి కొన్ని పుల్లలు, కొంత మట్టి మార్చుకున్న ఇంటికి ఆ గౌరవం ఎందుకు దక్కకూడదు? రాతి గుడిలో ప్రాచీనత వస్తువులో ఉంటుంది. మట్టి ఇంట్లో అది పనితనంలో ఉంటుంది. పనితనం ఆగిపోతే వస్తువు రెండు వానాకాలాలకు మించి నిలవదు. అందుకే ఇంటిని కాపాడటమంటే చౌడు వేయడం తెలిసిన మనిషిని కాపాడటం కూడా.

రెండో ఆక్షేపణ దీనికంటే బరువైనది. పాత ఊరంటే పాత కులవ్యవస్థ కూడా. గుడికి దగ్గరగా అగ్రహారం, ఆ వెనక పెద్దకాపుల మిద్దెలు, ఊరవతల వాడలు. ఎత్తైన అరుగు మీద కూర్చునే హక్కు ఎవరికుందో, ఆ వీధిలో చెప్పులు విప్పి నడవాల్సింది ఎవరో ఆ ఇళ్ళ అమరికలోనే రాసి ఉంది. వాటిని వారసత్వమంటూ నెత్తికెత్తుకుంటే పాత పెత్తనానికే పట్టం కట్టినట్టు కాదా అని అడిగేవారిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఈ ఆక్షేపణలోని నిజాన్ని ఒప్పుకుంటూనే దాని నుంచి వేరే నిర్ణయానికి రావచ్చు. పెద్ద మిద్దెలను మాత్రమే ఏరి, రంగులు వేసి, సినిమా షూటింగులకో అతిథిగృహాలకో ఇస్తే ఆ తప్పు జరుగుతుంది. గోదావరి జిల్లాల మండువాల విషయంలో ఇప్పటికే కొంత జరుగుతోంది కూడా. అందుకు విరుగుడు ఊరు మొత్తాన్నీ నమోదు చేయడం. మాలవాడలో ఒంటిగది ఇల్లు, బోయల ఇళ్ళు, నదిలో వలవేసేవాళ్ళ ఇళ్ళు, షాఅలీ పహిల్వాన్ దర్గా పరిసరాల్లోని ముస్లిముల ఇళ్ళు, అన్నీ ఆ పటంలోకి రావాలి. నీళ్ళకు ఎవరు ఎంత దూరం నడిచారో, పల్లపు నేల ఎవరి వాటాకు వచ్చిందో, వరద వస్తే ముందు ఎవరి గోడ తడిసిందో చెప్పగలిగేది ఊరి పటమే. గుడి శాసనాల్లో దానాలిచ్చినవాళ్ళ పేర్లుంటాయి, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లుండవు. అన్యాయం జరిగిందనడానికి ఉన్న ఆధారాన్ని చెరిపేసుకుంటే మేలు జరిగేది అన్యాయం చేసినవాళ్ళకే.

మూడోది, అందరికంటే న్యాయంగా మాట్లాడేది, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు. మట్టిమిద్దెలో ఎలుకలు, తేళ్ళు ఉంటాయి. పైనుంచి మట్టి రాలుతుంది. చౌడు తెచ్చేవాళ్ళు లేరు, కూలీ రేట్లు పెరిగాయి, మంచి కలప దొరకదు. మరుగుదొడ్డికి, గొట్టాలకు, కరెంటు తీగలకు ఆ గోడలు అనువుగా ఉండవు. పైగా వరద భయం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు అలంపురంలోకీ నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం జలాశయానికి ఆ రోజుల్లో 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చి, ఆనకట్ట నిలుస్తుందా లేదా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది. అలాంటి వరదలో అడుసు గోడ నానిపోయి కూలడం మామూలే. రాతి గుళ్ళు నీళ్ళలో నిలుస్తాయి, మట్టి ఇళ్ళు నిలవవు. ఇంతవరకు కాదనడానికి ఏమీ లేదు. ఎవరింటినీ బలవంతంగా పాతగా ఉంచే హక్కు ఎవరికీ లేదు, సౌకర్యం కోరుకోవడం నేరం కాదు. ఈ వ్యాసం అడుగుతున్నది ఇల్లు ఉన్నది ఉన్నట్టు బిగదీసి ఉంచమని కాదు. రాతిగోడల అతుకుల్లో సున్నం పట్టించడం, దంతెల కింద ఒక వరుస కొత్త దూలాలు వేయడం, పెరట్లో స్నానాలగది, మరుగుదొడ్డి విడిగా కట్టడం, చౌడు కింద నీరు దిగని పొర పరచడం వంటి మార్పులతో ఇల్లు నేటి కాపురానికి సరిపోతుంది. మే నెలలో స్లాబు కింద రాత్రి పదింటికి కూడా ఉక్కపోసే ఈ ప్రాంతంలో, రెండడుగుల గోడ ఇచ్చే చల్లదనం కరెంటు బిల్లులోనే తెలిసిపోతుంది. వరద మాటకొస్తే, అలంపురానికి అసలు రక్షణ గోడా కట్టా, సమయానికి నీరు వదిలే నిర్వహణ. అవి తప్పితే కాంక్రీటు ఇంట్లోనూ జనం డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకోవాల్సిందే.

ఇదే తుంగభద్ర మీద ఎగువన రెండు దారులూ కనిపిస్తాయి. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన హంపిలో విరూపాక్షుని గుడి ముందున్న రథవీధిలో రాతి మండపాల మధ్య వందలాది కుటుంబాలు కాపురాలు చేసేవి, దుకాణాలు పెట్టుకునేవి. 2011 జులైలో వాటిని కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. మండపాలను ఆక్రమించి గోడలు కట్టుకున్నారన్నది అధికారుల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ బజారు నుంచి బేరం చేసే మనుషులు పోయాక మిగిలింది స్తంభాల వరస. నదికి అవతలి ఒడ్డున ఆనెగొందిలో, విజయనగరానికంటే ముందు నుంచీ జనం ఉంటున్న ఊళ్ళో, ఒక స్థానిక ట్రస్టు 1990ల చివర నుంచి పాత ఇళ్ళను మట్టి, రాయి, కొయ్యలతోనే బాగుచేయించి, ఊరి ఆడవాళ్ళకు అరటినార పనిలో జీవనోపాధి కల్పించింది. అక్కడ ఇల్లు మిగిలింది, ఇంట్లో మనిషీ మిగిలాడు. అది అన్ని ఊళ్ళకూ సరిపోయే నమూనా అని చెప్పలేం. పర్యాటకుల రాకపోకల మీద ఆధారపడిన బాగు పర్యాటకులతోపాటే తగ్గిపోతుంది, ఇళ్ళ ధరలు పెరిగి ఊరివాళ్ళే ఊరొదలాల్సి వచ్చే ప్రమాదమూ ఉంది. అయినా ఇంటిని కూల్చకుండానే కట్టడాన్ని కాపాడవచ్చని అది చూపించింది. మన హైదరాబాదులో 1995 నుంచి జోనింగు నిబంధనల్లోని 13వ నిబంధన కింద దేవిడీలు, హవేలీలు వంటి ఇళ్ళు కూడా జాబితాకెక్కాయి. 2015లో ఆ నిబంధననే ఎత్తేశారు. 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం రాష్ట్రం మొత్తానికీ వర్తిస్తుంది. ఆ చట్టపు ఫలం అలంపురం, ధర్మపురి, మంథని వంటి చిన్న తీరపు ఊళ్ళ ఇళ్ళదాకా చేరాల్సి ఉంది.

అలంపురం ఆలయాల గురించి తెలుగువారికి తెలిసిందంటే అందులో పెద్ద వాటా గడియారం రామకృష్ణశర్మది. ఏ విశ్వవిద్యాలయం అండా లేకుండా అలంపురంలోనే ఉండి శాసనాలు చదివి, రాసి, గుళ్ళ కోసం పట్టుబట్టిన మనిషి ఆయన. ఇళ్ళకు కూడా అలాంటి పట్టుదల కావాలి. పని మొదలుపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. కేంద్రం ప్రసాద్ పథకం కింద జోగులాంబ ఆలయ పరిసరాల అభివృద్ధికి ఇచ్చిన నిధులతో పోలిస్తే ఒక ఊరి ఇళ్ళన్నీ కొలిచి పటాలు గీయడం బహు స్వల్పమైన ఖర్చు. హైదరాబాదులోని ఆర్కిటెక్చర్ కళాశాలల విద్యార్థులు రెండు వేసవులు పనిచేస్తే అలంపురం వీధివీధీ కాగితం మీదికి వస్తుంది. అలంపురం 2018లో మున్సిపాలిటీ అయింది. ఇంటిపన్ను వేయడానికి మున్సిపాలిటీ ప్రతి ఇంటికీ కట్టుబడి ఏ రకమో, కప్పు దేనితో వేశారో రాసుకుంటుంది. ఏ వీధిలో ఎన్ని మిద్దెలు మిగిలాయో ఆ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ముందు వాటి వరకు పన్ను తగ్గించి, మరమ్మతు అనుమతిని దూరపు కార్యాలయం నుంచి అలంపురానికే తెచ్చి, పుచ్చిన దూలం మార్చుకోవడానికి ఇంటాయనకు కొంత డబ్బు చేతికిస్తే, వచ్చే వానాకాలానికి ముందే కొన్ని మిద్దెల మీద కొత్త చౌడు పడుతుంది.